మానుస్ ద్వీపం నుంచి బెహ్రూజ్ బూచానీ: ఆయన రాతల వల్ల ఏం మారింది?

తార్నాక చదువరి (చర్చ ప్రారంభం)

మన హైదరాబాద్ చదువరుల వేదికలో ఈ నెల ఒక వ్యక్తి జీవితాన్ని చర్చకు తీసుకుందామని అనుకున్న సంగతి సభ్యులకు తెలిసిందే. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం గనుక, తానే శరణార్థిగా బతికి, ఆ బతుకులో నుంచే మానవ హక్కుల కోసం గొంతెత్తిన వారెవరైనా అయితే బాగుంటుందని కొందరు సూచించారు. నా ప్రతిపాదన బెహ్రూజ్ బూచానీ.

ఆయన 1983లో ఇరాన్ పడమటి అంచున, ఇరాక్ సరిహద్దును ఆనుకొని ఉన్న ఇలామ్ ప్రాంతంలో ఒక కుర్దు కుటుంబంలో పుట్టారు. బాల్యం ఇరాన్-ఇరాక్ యుద్ధం నీడలో గడిచింది. టెహ్రాన్‌లో రాజకీయ భూగోళశాస్త్రంలో పైచదువు పూర్తిచేసి, కుర్దు భాషా సంస్కృతుల కోసం కొందరు మిత్రులతో కలిసి ‘వెర్యా’ అనే పత్రికను నడిపారు. 2013 ఫిబ్రవరిలో ఇరాన్ సైనిక దళమైన రివల్యూషనరీ గార్డులు ఇలామ్‌లోని ఆ పత్రిక కార్యాలయం మీద దాడి చేసి 11 మందిని పట్టుకుపోయారు. ఆ రోజు టెహ్రాన్‌లో ఉండడం వల్ల బూచానీ వారికి దొరకలేదు. నోరు మూసుకొని ఉంటే మరికొంతకాలం బయటే తిరిగేవారేమో. కానీ ఆయన ఆ అరెస్టుల వార్తను ఇంటర్నెట్‌లో పెట్టారు, అది దేశం దాటింది. ఆ తర్వాత అజ్ఞాతంలోకి వెళ్ళి, మే నెలలో ఇరాన్ విడిచారు. ఇండోనేషియా చేరి అక్కడ పడవ ఎక్కారు. మొదటి ప్రయత్నం విఫలమైంది. రెండోసారి, జులైలో, ఆయన ఉన్న పడవను ఆస్ట్రేలియా నౌకాదళం అడ్డగించింది.

సరిగ్గా ఆ నెల 19న అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ కొత్త విధానం ప్రకటించి ఉన్నారు. ఇకపై అనుమతి లేకుండా పడవలో వచ్చినవారు నిజమైన శరణార్థులని తేలినా సరే, వారికి ఆస్ట్రేలియాలో స్థిరపడే అవకాశం ఉండదు. వారిని పాపువా న్యూగినీకి పంపుతారు. బూచానీ ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ ద్వీపం చేరింది ఆ ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే. ఆగస్టులో ఆయన్ను పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపంలో ఉన్న నిర్బంధ కేంద్రానికి తరలించారు. అక్కడ అందరికీ ఇచ్చినట్టే ఆయనకూ ఒక సంఖ్య ఇచ్చారు: ఎం.ఇ.జి. 45. పాపువా న్యూగినీలో ఆయన ఆరేళ్ళకు పైగా గడిపారు.

సభ్యులను నేను అడిగేది ఇది. ఆయన్ను రచయితగా చూడాలా, హక్కుల వాదిగా చూడాలా? ఆ రాతల వల్ల మానుస్‌లో ఉన్నవారికి నిజంగా ఏమైనా ఒరిగిందా, లేక ఆయన అక్కడ ఉండగా రాసిన ఒక మంచి పుస్తకం మనలాంటి పాఠకులకు దొరకడంతోనే సరిపోయిందా?

పాత డెస్కు

ఒక తెలుగు దినపత్రికలో చాలాకాలం ఉపసంపాదకుడిగా పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి, నాకు మొదట కనిపించేది ఆయనలోని విలేకరి. రచయిత ఆ తర్వాత.

మానుస్ నిర్బంధ కేంద్రం లోంబ్రమ్ నౌకాస్థావరంలో ఉండేది. బయటి విలేకరులకు అక్కడ ప్రవేశం దొరకడం చాలా కష్టం. లోపల పనిచేసే వైద్యులు, ఉపాధ్యాయులు, సంక్షేమ సిబ్బంది అయినా బయటకు చెబుతారా అంటే, 2015లో ఆస్ట్రేలియా తెచ్చిన సరిహద్దు దళ చట్టం వారి నోటికి తాళం వేసింది. అక్కడ తెలిసిన విషయాన్ని అనుమతి లేకుండా వెల్లడిస్తే రెండేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చని ఆ చట్టం చెప్పింది. వైద్య సిబ్బంది గట్టిగా ఎదురుతిరిగిన తర్వాత, 2016లో వారికి మినహాయింపు ఇచ్చారు. అంటే కొంతకాలం పాటు, ఆ కంచె లోపల ఏం జరుగుతోందో పోగొట్టుకోవడానికి ఏమీ లేకుండా చెప్పగలిగినవారు బందీలు మాత్రమే.

బూచానీ దొంగచాటుగా ఒక ఫోను సంపాదించుకున్నారు. సోదాల్లో అది పోతే మరొకటి సంపాదించుకున్నారు, పరుపులో దాచుకున్నారు. మొదట్లో మారుపేరుతో వార్తలు పంపారు, తర్వాత సొంత పేరుతోనే ఆస్ట్రేలియా, బ్రిటన్ పత్రికలకు రాశారు. ఆ వార్తలను గమనించండి. ఏ రోజు ఏ గేటు మూశారు, ఎవరిని ఏ గదిలో వేశారు, ఎవరికి మందు ఆపారు అనే వివరాలు వాటిలో ఉంటాయి. గుండెలు బాదుకోవడం చాలా తక్కువ. మా డెస్కులో కొత్త పిల్లలకు మేము నేర్పాలని తంటాలు పడే పద్ధతిని ఆయన ముళ్ళకంచె వెనుక, తానే బాధితుడిగా ఉంటూ పాటించారు. తనను చూసి జాలిపడమని ఆయన ఎక్కడా అడగలేదు, తనను బంధించిన యంత్రాంగం ఎలా పనిచేస్తుందో చూడమని అడిగారు. నా దృష్టిలో ఆయన చేసిన హక్కుల పని ఇదే.

మెల్‌బోర్న్ తమ్ముడు

మాది కూకట్‌పల్లి. కొన్నేళ్ళుగా మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. పెద్దలు ఏమీ అనుకోకపోతే రెండో వైపు మాట కూడా చెబుతాను.

ఇక్కడ మాలాంటివారు చదువు కోసం అప్పులు చేసి, ఇంగ్లిషు పరీక్షలు రాసి, పాయింట్లు లెక్కపెట్టుకొని, శాశ్వత నివాసం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తాం. పడవల్లో వచ్చేవారిని గురించి మన తెలుగువారి ఇళ్ళలో భోజనాల దగ్గర వినిపించే మాట ఒకటే: “వాళ్ళు వరస తప్పించుకొని వచ్చారు.” దాన్ని పూర్తిగా సమర్థించడం లేదు, కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. 2010 డిసెంబరులో క్రిస్మస్ ద్వీపపు రాళ్ళకు ఒక పడవ కొట్టుకొని సుమారు 50 మంది అందరి కళ్ళెదుటే చనిపోయారు. అలాంటి ప్రమాదాలు తర్వాత కూడా జరిగాయి. పడవలను ఆపాలనే విధానానికి రెండు ప్రధాన పార్టీలూ కట్టుబడడానికి కారణం ఓట్లు మాత్రమే కాదు, సముద్రంలో పోయిన ప్రాణాలు కూడా. బూచానీ పుస్తకాన్ని గౌరవిస్తూనే, ఈ ప్రశ్నకు ఆయన ఏం సమాధానం చెబుతారో తెలుసుకోవాలని ఉంది.

నాంపల్లి నల్లకోటు

తమ్ముడూ, మీరు అడిగిన రెండింటిలో మొదటిదానికి న్యాయశాస్త్రం సూటిగా సమాధానం చెబుతుంది.

1951 శరణార్థుల ఒడంబడిక 31వ అధికరణం ప్రకారం, ప్రాణభయంతో నేరుగా పారిపోయి వచ్చినవారు అనుమతి లేకుండా ప్రవేశించారన్న కారణంతో వారికి శిక్ష వేయకూడదు. అయితే వారు ఆలస్యం చేయకుండా అధికారుల ఎదుట హాజరై కారణం చెప్పుకోవాలి. 33వ అధికరణం, ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పు ఉన్న చోటికి ఎవరినీ తిప్పి పంపరాదని చెబుతుంది. ఆస్ట్రేలియా 1954లో దీనిలో చేరింది. ఆ దేశం చేరికతోనే ఒడంబడిక అమలుకు కావలసిన సంఖ్య పూర్తయింది. మధ్యలో మరో దేశంలో ఆగి వచ్చినవారు “నేరుగా” వచ్చినట్టా కాదా అని ప్రభుత్వాల తరఫు న్యాయవాదులు వాదిస్తారు. కానీ ఇండోనేషియా ఆ ఒడంబడికలో లేదు. అక్కడ ఆగిపోతే ఆశ్రయం ఇచ్చే చట్టమే లేదు. ఇరాన్‌లో గార్డులు వెతుకుతున్న విలేకరి ఏ కౌంటరు ముందు ఏ వరసలో నిలబడాలి? మీరు నిలబడిన వరస వలసదారుల వరస. ఉద్యోగం కోసం వెళ్ళేవారికి, ప్రాణం కోసం పారిపోయేవారికి చట్టం వేర్వేరు దారులు పెట్టింది.

మీ రెండో ప్రశ్న బరువైనది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. సముద్రంలో చావులను ఆపడం న్యాయమైన లక్ష్యమే. అయితే ఆ లక్ష్యం కోసం, అప్పటికే ఒడ్డు చేరిన మనుషులను రాబోయేవారికి హెచ్చరికగా ఏళ్ళ తరబడి నిర్బంధించవచ్చా? నేరం చేసినవాడికి కూడా ఇతరులను భయపెట్టడం కోసమే గడువు లేని శిక్ష వేయకూడదని మనం నేర్చుకున్న న్యాయసూత్రాలు చెబుతాయి.

ఇక ‘రాతల వల్ల ఏం మారింది’ అన్న అసలు ప్రశ్నకు వస్తే, 2016 ఏప్రిల్ 26 తేదీని గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు పాపువా న్యూగినీ సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మానుస్ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసింది అక్కడి ప్రతిపక్ష నాయకుడు బెల్డెన్ నామా. ఆ దేశ రాజ్యాంగంలోని 42వ విభాగం వ్యక్తి స్వేచ్ఛకు హామీ ఇస్తుంది. అనుమతి లేకుండా ప్రవేశించిన విదేశీయుణ్ణి బంధించడానికి అందులో మినహాయింపు ఉంది. కానీ ఈ మనుషులు తమంతట తాము పాపువా న్యూగినీలోకి రాలేదు, మరో దేశం బలవంతంగా తెచ్చి దింపింది. కాబట్టి ఆ మినహాయింపు వారికి వర్తించదని కోర్టు తేల్చింది. వారిని బంధించడానికి వీలుగా ప్రభుత్వం రాజ్యాంగానికి చేసిన సవరణ కూడా నిలబడలేదు. ధనిక పొరుగు దేశపు ఒత్తిడిని పక్కనపెట్టి, ఒక చిన్న దేశపు కోర్టు తన రాజ్యాంగాన్ని తాను చదువుకున్న తీరు నాకు ఎంతో నచ్చుతుంది. మన న్యాయ కళాశాలల్లో ఈ తీర్పును చెప్పించాలి.

తార్నాక చదువరి

నల్లకోటు గారూ, ఆ తీర్పు తర్వాత కూడా వారు వెంటనే బయటపడలేదు కదా?

నాంపల్లి నల్లకోటు

పడలేదు. కేంద్రాన్ని అధికారికంగా మూసింది 2017 అక్టోబరు 31న, అంటే తీర్పు వచ్చిన ఏడాదిన్నరకు. మూసిన పద్ధతి కూడా వింతే: నీళ్ళు, కరెంటు, భోజనం, మందులు ఆపేశారు. అక్కడికి దగ్గరలోని లోరెంగావు పట్టణంలో పెట్టిన కొత్త శిబిరాలకు వెళితే తమ ప్రాణాలకు భద్రత ఉండదని, వెళ్ళినా బందీలుగానే ఉంటామని సుమారు 600 మంది కదలడానికి నిరాకరించారు. బావులు తవ్వుకొని, వాననీళ్ళు పట్టుకొని మూడు వారాలకు పైగా నిలిచారు. నవంబరు 23న పోలీసులు వచ్చి బలవంతంగా ఖాళీ చేయించారు. ఆ రోజు బూచానీని కొన్ని గంటలపాటు నిర్బంధంలోకి తీసుకున్నారు. ఆ మూడు వారాలూ లోపలి నుంచి ఆయన రాస్తూనే ఉన్నారు.

వార్డు సిస్టర్

నేను నగరంలో ఒక ఆసుపత్రిలో నర్సును. చట్టం గురించి నాకు తెలియదు గానీ, ఈ చర్చలో ఒక పేరు రాకపోతే అన్యాయమవుతుంది: హమీద్ ఖజాయీ.

24 ఏళ్ళ ఇరాన్ యువకుడు. 2014 ఆగస్టులో కాలి మీద చిన్న పుండుతో, జ్వరంతో మానుస్ క్లినిక్‌కు వచ్చాడు. ఉష్ణమండలాల్లో మట్టిలోను నీళ్ళలోను ఉండే ఒక బాక్టీరియా సోకింది; దానికి పనిచేసే యాంటీబయాటిక్ ఆ క్లినిక్‌లో లేదు. జ్వరం తగ్గలేదు. ఇలాంటి రోగి మా వార్డులో ఉంటే, గంట గంటకూ బీపీ పడిపోవడం చూస్తూ పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సు కోసం పరుగెత్తుతాం. అక్కడి వైద్యులు కూడా అదే కోరారు. అయితే రోగిని ద్వీపం దాటించాలంటే వేల కిలోమీటర్ల దూరంలో కాన్‌బెరాలో కూర్చున్న అధికారుల అనుమతి కావాలి. ఆ అనుమతికి పట్టిన కాలంలో ఇన్‌ఫెక్షన్ రక్తమంతా పాకింది. పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీకి, అక్కడి నుంచి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు చేర్చేసరికి చేయి దాటిపోయింది. సెప్టెంబరు 5న చనిపోయాడు. సకాలంలో సరైన వైద్యం అంది ఉంటే అతను బతికేవాడని 2018లో క్వీన్స్‌లాండ్ కరోనర్ (మరణాలకు కారణాలు విచారించే అధికారి) తేల్చారు.

అంతకుముందు ఫిబ్రవరిలోనే, కేంద్రంలో జరిగిన అల్లర్లలో రెజా బరాతీ అనే మరో కుర్దు యువకుణ్ణి కొట్టి చంపారు. అతనిదీ ఇలామ్ ప్రాంతమే. సిబ్బందిలో ఇద్దరికి ఆ హత్య కేసులో శిక్ష పడింది.

వైద్యులు చెబితే రోగిని ఆస్ట్రేలియాకు తీసుకురావాలనే చట్టం ఒకటి 2019 మొదట్లో అక్కడి పార్లమెంటులో ప్రభుత్వం వద్దన్నా నెగ్గింది. అదే ఏడాది డిసెంబరులో దాన్ని రద్దు చేశారు. చదువరి గారు “ఏం ఒరిగింది” అని అడిగారు కదా, ఆ కొద్ది నెలల్లో దాని ద్వారా వైద్యం దొరికినవారిని అడిగితే చెబుతారు. ఇలాంటి చట్టం ఒక సభలో చర్చకు రావాలంటే, లోపల మనుషులు ఎలా చనిపోతున్నారో ముందు ఎవరో ఒకరు పేరుపేరునా రాసి ఉండాలి.

మెల్‌బోర్న్ తమ్ముడు

సిస్టర్ గారు రాసింది చదివాక ఖజాయీ కేసు కరోనర్ నివేదిక గురించి వెతికి చూశాను. వైద్యం విషయంలో వాదించడానికి ఏమీ లేదు. అయితే సరిహద్దు మీద అదుపు ఉండాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ అదుపు పేరుతో జరిగేవాటికి ఎవరు జవాబుదారీ అన్నది వేరే ప్రశ్నగా చూస్తాను. నష్టపరిహారం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను. మానుస్‌లో నిర్బంధించిన వారు ఉమ్మడిగా వేసిన దావాలో, 2017 జూన్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వమూ కేంద్రాన్ని నడిపిన కంపెనీలూ కలిసి 7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. విచారణ బహిరంగంగా సాగి ఉంటే సాక్షులందరి మాటా రికార్డుకు ఎక్కేది. డబ్బు కట్టడంతో ఆ అవకాశం పోయింది.

హిమాయత్‌నగర్ పుస్తకాలావిడ

అందరూ పుస్తకం చుట్టూ తిరుగుతున్నారు గానీ దాని లోపలికి ఎవరూ వెళ్ళడం లేదు.

‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’ 2018లో వచ్చింది. కొండలు తప్ప కుర్దులకు వేరే మిత్రులు లేరన్న వారి సామెతలో నుంచి ఆ పేరు పుట్టింది. బూచానీ దాన్ని ఫార్సీలో, ఫోను మీద, వాట్సాప్ సందేశాలుగా ముక్కలు ముక్కలుగా రాశారు. ఒకేచోట దాచుకుంటే సోదాలో మొత్తం పోతుంది కాబట్టి, రాసింది రాసినట్టే బయటకు పంపేవారు. సిడ్నీలో మూనెస్ మన్సూబీ ఆ సందేశాలను పోగుచేసి అధ్యాయాలుగా అమర్చారు, ఓమిద్ తొఫీఖియాన్ ఇంగ్లిషులోకి తెచ్చారు. ఫార్సీ ఒకప్పుడు మన నగరపు దర్బారు భాష. ఆ రోజుల్లో అయితే ఇక్కడి పాఠకులకు మూలమే అందేది.

సగం వచనం, సగం కవిత్వం. మనుషులకు అసలు పేర్లు ఉండవు, లోపలివారు పెట్టుకున్న మారుపేర్లే ఉంటాయి. తోటి బందీల బతుకును వారి అనుమతి లేకుండా అంగట్లో పెట్టకూడదన్న జాగ్రత్త అది. రెజా బరాతీ మాత్రం సౌమ్యుడైన భారీకాయుడిగా కనిపిస్తాడు. చదువుతున్నప్పుడే అతని ముగింపు మనకు తెలుసు కాబట్టి ఆ పేజీలు తిప్పడం కష్టం. నాకు మిగతా వాటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది వరసల గురించిన భాగం. భోజనానికి వరస, సిగరెట్లకు వరస, ఫోనుకు వరస, మాత్రలకు వరస. ముందు నిలబడినవాడికి పండో తీపో దొరుకుతుంది, వెనుకవాడికి ఉండదు. రేపు ఏ నియమం మారుతుందో ఎవరికీ తెలియదు. అడిగితే పై అధికారి ఆదేశం అంటారు, ఆ పై అధికారిని అడిగితే ఆయనకూ మరో పై అధికారి ఉంటాడు. ఆకలితో ఉన్న మనిషి మరో ఆకలిగొన్నవాణ్ణి ద్వేషించేలా చేయడానికి కొట్టనక్కరలేదు, వరసలో నిలబెడితే చాలు అని ఆయన చూపిస్తారు. తమ్ముడు గారు ‘వరస తప్పించుకొని వచ్చారు’ అన్న మాట రాసినప్పుడు నాకు ఈ అధ్యాయమే తట్టింది.

2019 జనవరి 31న ఈ పుస్తకానికి ఆస్ట్రేలియాలోనే అతి పెద్ద సాహిత్య బహుమతి, విక్టోరియా రాష్ట్ర పురస్కారం వచ్చింది. ప్రధాన బహుమతి లక్ష డాలర్లు, నవలేతర విభాగానికి మరో 25,000. పౌరులకో శాశ్వత నివాసులకో మాత్రమే ఇవ్వాలన్న నిబంధనను ఆయన కోసం సడలించారు. బహుమతి ఇచ్చిన దేశంలో అడుగుపెట్టే అనుమతి లేక ఆయన మానుస్ నుంచే వీడియోలో మాట్లాడారు.

ఒక సినిమా కూడా ఉంది. ఫోనుతో రహస్యంగా తీసిన దృశ్యాలను నెదర్లాండ్స్‌లో ఉన్న దర్శకుడు అరష్ కమాలీ సర్వెస్తానీకి పంపితే, ఇద్దరూ కలిసి 2017లో పూర్తిచేశారు. దాని పేరులో ఉన్న ‘చౌకా’ మానుస్‌లో తప్ప మరెక్కడా కనిపించని పక్షి. దాని కూతను బట్టి పొద్దు తెలుసుకోవడం ద్వీపవాసుల అలవాటు, వారి జెండా మీద కూడా అదే ఉంటుంది. నిర్బంధ కేంద్రంలో ఏకాంత శిక్షా గదులకు కూడా అధికారులు ‘చౌకా’ అనే పేరు పెట్టారు. ద్వీపవాసుల గౌరవ చిహ్నాన్ని అలా వాడుకోవడం వారికీ జరిగిన అవమానమేనని సినిమా చెబుతుంది. స్థానికులను శత్రువులుగా చూపించడం సులభం, వారి మీద కోపానికి కారణాలు కూడా ఉన్నాయి. అయినా వారి ద్వీపాన్నీ వాడుకున్నారని గుర్తించడం ఆయనలో నాకు బాగా నచ్చిన గుణం.

పాత డెస్కు

పుస్తకాలావిడ గారు చెప్పినదానికి ఒక చేర్పు. బూచానీ ఒక్కరే మాట్లాడారన్న అభిప్రాయం కలగకూడదు. సూడాన్‌లోని దార్ఫుర్ నుంచి వచ్చిన అబ్దుల్ అజీజ్ ముహమ్మత్ అదే కేంద్రం నుంచి మైకేల్ గ్రీన్ అనే పాత్రికేయుడికి వేల సంఖ్యలో ఆడియో సందేశాలు పంపారు. అక్కడ నెట్‌వర్కు బలహీనం కాబట్టి ఫోనులో మాట్లాడుకోవడం కుదరదు. ఒకరు రికార్డు చేసి పంపితే, వీలున్నప్పుడు మరొకరు విని జవాబు పంపేవారు. 2017లో అది పాడ్‌కాస్టుగా వచ్చింది. 2019 ఫిబ్రవరిలో అజీజ్‌కు మానవ హక్కుల రంగంలో పేరున్న మార్టిన్ ఎన్నల్స్ పురస్కారం ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి జెనీవా వెళ్ళిన ఆయన అక్కడే ఆశ్రయం కోరారు, జూన్‌లో స్విట్జర్లాండ్ మంజూరు చేసింది.

బూచానీ కూడా అలాగే ఒక సాహిత్య సభకు ఆహ్వానం మీద 2019 నవంబరులో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ చేరారు. చేతిలో నెల రోజుల వీసా. 2020 జులైలో శరణార్థి హోదా వచ్చింది. ఇద్దరికీ గేటు తెరిచింది కోర్టు తీర్పు కాదు, బయట సంపాదించుకున్న పేరు. పేరు రానివారి సంగతి ఏమిటన్నది చదువరి గారి ప్రశ్నలో దాగి ఉన్న ముల్లు. దాని గురించి బూచానీకి తెలియక కాదు. తనకు వచ్చిన ప్రతి వేదిక మీదా ఇంకా అక్కడే ఉన్నవారి మాటే ఎత్తుతూ వచ్చారు.

బాలాపూర్ టీచరమ్మ

ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. బాలాపూర్ చుట్టుపక్కల రోహింగ్యా కుటుంబాల పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతుంటాను, కాబట్టి నా మనసు మానుస్ నుంచి మన ఊరికి వచ్చేస్తోంది. చర్చ దారి తప్పుతోందనిపిస్తే నిర్వాహకులు చెప్పండి.

మయన్మార్ 1982 పౌరసత్వ చట్టం వీళ్ళను ఏ గుర్తింపు పొందిన జాతిలోనూ చేర్చలేదు. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. మన నగరంలో ఉన్నవారిలో చాలామంది అంతకు ముందే వచ్చినవారు. తగరపు రేకుల గుడిసెల్లో ఉంటూ కూలి పనులు చేసుకుంటారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచుకుంటారు. మన తాతల తరంలో, 1942లో, తెలుగువారు అదే బర్మా నుంచి అడవుల వెంట నడిచి కాందిశీకులుగా విశాఖ తీరానికి చేరారు. మళ్ళీ 1960లలో కూడా వచ్చారు. వారి కోసం వెలసిన బర్మా కాలనీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ కుటుంబాల వారు మన వేదికలోనే ఉండవచ్చు.

బూచానీ గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆలోచన ఇది. ఆయన ఫోను తెరవకముందే చదువు ఉంది, పత్రిక నడిపిన అనుభవం ఉంది, బయట వినేవారున్నారు. నా ముందు కూర్చునే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి బడి మొహమే తెలియదు. తమ కథ తాము రాసుకోవాలంటే ఇంకా ఒక తరం పట్టవచ్చు. అప్పటివరకు వారి గురించి ఇతరులే రాస్తారు. జాలితో కొందరు, కోపంతో కొందరు. నల్లకోటు గారూ, మన దేశంలో వీరికి చట్టపరంగా ఉన్న ఆధారం ఏమిటో వివరంగా చెప్పగలరా?

నాంపల్లి నల్లకోటు

టీచరమ్మ గారూ, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 1951 ఒడంబడికలో గానీ దానికి అనుబంధంగా వచ్చిన 1967 ప్రోటోకాల్‌లో గానీ భారత్ చేరలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. శరణార్థి అనే వర్గాన్ని అది కూడా విడిగా నిర్వచించలేదు. కాబట్టి ఐక్యరాజ్యసమితి కార్డు గుర్తింపుగా కొంత పనికివస్తుందే తప్ప, దానికి మన చట్టంలో హోదా లేదు.

ఉన్న ఆధారం రాజ్యాంగమే. 14, 21 అధికరణాలు ‘పౌరుడు’ అనవు, ‘వ్యక్తి’ అంటాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో, 1996లో, సుప్రీంకోర్టు ఆ మాట మీదే నిలబడి, వారి ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదని ఆదేశించింది. ఆ వ్యాజ్యం వేసింది జాతీయ మానవ హక్కుల కమిషన్. అయితే జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విషయంలో 2021 ఏప్రిల్ 8న వచ్చిన ఉత్తర్వులో, 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపివేయకుండా ఉండే హక్కు మాత్రం పౌరులకు ఉన్న నివాస హక్కుతో ముడిపడి ఉందని కోర్టు అన్నది. నిర్దేశించిన ప్రక్రియ పాటించకుండా పంపరాదని మాత్రం చెప్పింది.

వృత్తి అనుభవం మీద చెబుతున్నాను: ఇలాంటి కేసుల్లో కోర్టు మొదట అడిగేది కాగితం. ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు, పిల్లలు ఎక్కడ పుట్టారు, ఏ తేదీన ఎవరు తీసుకెళ్ళారు. మీరు చదువు చెప్పే పిల్లల్లో పెద్దవాళ్ళ చేత తమ కుటుంబం గురించి ఈ వివరాలు వారి మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాయించండి. రాసిన పుస్తకం వారి ఇంట్లోనే ఉండాలి, మన దగ్గర కాదు. సామాజిక మాధ్యమాల్లో ఒక్క పేరు కూడా పెట్టవద్దు.

బాలాపూర్ టీచరమ్మ

అలాగేనండీ. వేసవి సెలవులు అయిపోయాయి కాబట్టి వచ్చే వారం నుంచే మొదలుపెడతాను. ఒకరిద్దరు ఆడపిల్లలు తెలుగు చక్కగా రాస్తారు.

తార్నాక చదువరి

దారి తప్పిందని నేను అనుకోవడం లేదు. ఆదివారం సమావేశానికి పుస్తకాలావిడ గారు చెప్పిన వరసల అధ్యాయాన్నీ, నామా కేసు తీర్పు సారాంశాన్నీ ముందుగా చదివి రండి. తమ్ముడు గారూ, అక్కడి పత్రికలు మీకు అందుబాటులో ఉంటాయి కదా, ప్రస్తుత పరిస్థితి రెండు ముక్కల్లో రాయగలరా? మానుస్‌లో ఉన్నవారంతా చివరకు ఏమయ్యారు?

మెల్‌బోర్న్ తమ్ముడు

నాకు దొరికిన మేరకు రాస్తున్నాను. 2016 నవంబరులో అమెరికాతో కుదిరిన ఒప్పందం ప్రకారం మానుస్ నుంచి, ఆస్ట్రేలియా ఇలాగే శరణార్థులను ఉంచిన మరో ద్వీప దేశం నౌరు నుంచి 1,250 మంది వరకు తీసుకోవడానికి ఆ దేశం అంగీకరించింది. కొన్నేళ్ళలో చాలామంది అలా వెళ్ళారు. ఏడాదికి 150 మందిని తీసుకుంటామని న్యూజిలాండ్ 2013లోనే ముందుకొచ్చినా ఆస్ట్రేలియా ఒప్పుకోలేదు. 2022 మార్చిలో, మూడేళ్ళలో 450 మంది అనే లెక్కకు ఒప్పుకుంది. ఆ తొమ్మిదేళ్ళ ఆలస్యానికి సముద్రంలో చావులను ఆపడం అనే కారణం ఎలా సరిపోతుందో నాకూ అర్థం కావడం లేదు.

2023 ఫిబ్రవరిలో బూచానీ కాన్‌బెరా పార్లమెంటు భవనంలో జరిగిన ఒక సమావేశంలో మాట్లాడారు. తనను ఎప్పటికీ అడుగుపెట్టనివ్వమన్న దేశంలో, సందర్శకుడిగా.

పాపువా న్యూగినీతో ఉన్న ఒప్పందాన్ని 2021 డిసెంబరు 31తో ఆస్ట్రేలియా ముగించింది. అక్కడ మిగిలినవారి బాధ్యత ఇక ఆ దేశానిదేనని ప్రకటించింది. వారిలో కొందరు ఆ తర్వాత కూడా పోర్ట్ మోర్స్‌బీలోనే ఉండిపోయారు. నౌరులో ఉన్న పాతవారిలో చివరివారిని 2023 జూన్‌లో ఆస్ట్రేలియాకు తరలించారు. అదే ఏడాది సెప్టెంబరులో, పడవలో కొత్తగా వచ్చిన కొందరిని మళ్ళీ నౌరుకే పంపారు.